ఇక్కడ అప్పట్లో ఏమీ ఉండేది కాదు

మా కాలనీకి యాభై ఏళ్ళు నిండాయి. సంక్షేమ సంఘం వాళ్ళు ప్రత్యేక సంచిక వేస్తామన్నారు. సంఘం అధ్యక్షులంటే నేను నిక్కరు తొడుక్కునే రోజుల నుంచి బాబాయ్ గారూ అని పిలిచే మనిషి. ఒక ఆదివారం పొద్దున్నే ఫోను చేసి, "నువ్వేవో రాస్తుంటావని మీ అమ్మ చెప్పింది. కాలనీ చరిత్ర రెండు పేజీలు రాసిపెట్టు. మొదటి వాక్యం నేను చెబుతాను, రాసుకో" అన్నారు. కాగితం తీసుకుని రాసుకున్నాను: "ఒకప్పుడు ఇక్కడ రాళ్ళూ తుప్పలూ తప్ప ఏమీ ఉండేది కాదు."

రెండో వాక్యం దగ్గర ఆగిపోయాను. మూడు వారాల తర్వాత ఆయన మళ్ళీ ఫోను చేసినప్పుడు, "మొదటి వాక్యం అబద్ధం బాబాయ్ గారూ" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "నేను కళ్ళారా చూశానురా" అన్నారు. ఆయన చూసిన మాట నిజమే. ఏం చూశారో, ఏం చూడలేదో అన్నదే నా పేచీ.

మా కాలనీ హైదరాబాద్‌కు ఈశాన్యాన, కుషాయిగూడకూ కాప్రాకూ నడుమ ఉంది. పేరు చెప్పను. చెప్పినా పెద్ద తేడా రాదు, ఎందుకంటే ఈ వాక్యం మా ఒక్కరి సొత్తు కాదు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో మొదటి విడత ఇల్లు వచ్చిన వాళ్ళని అడగండి, ఇదే చెబుతారు. రామచంద్రాపురంలో, అల్వాల్‌లో, ఉప్పల్‌లో ఇదే. ప్రతి చోటా వాక్యానికి తోకగా ఒక జంతువు ఉంటుంది. మా వైపు నక్కలు. కొన్ని చోట్ల తాచుపాములు. వనస్థలిపురం వాళ్ళయితే జింకలంటారు, అది మరీ విచిత్రం. ఆ నేలంతా నిజాం నవాబుల వేటస్థలం. మిగిలిన ముక్కను 1975లో మహావీర్ హరిణ వనస్థలి అని కృష్ణజింకల కోసం కేటాయించారు. ఒక రాజవంశం తరాల తరబడి కాపలా పెట్టి కాచుకున్న అడవి పక్కన నిలబడి, ఇక్కడేమీ ఉండేది కాదంటారు. అదే నోటితో జింకల సంగతీ చెబుతారు.

ఈ జబ్బు సముద్రాలు కూడా దాటింది. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కున్న మా పిన్ని కొడుకు, "మేం వచ్చినప్పుడు ఇక్కడేమీ లేదన్నయ్యా, అన్నీ గడ్డి మైదానాలే" అంటాడు. వాడు దిగింది 2010లో. అప్పటికే ఆ ఊరి జనాభా లక్ష దాటింది. 1990లో ఆరు వేల పైచిలుకు, 2020 నాటికి రెండు లక్షలు. ఊరి పేరు కూడా ఆ దారిన పట్టాలు వేసిన ఒక రైలు కంపెనీ ముద్దుపేరు. ఇంత ఉన్నా వాడికి ఏమీ లేనట్టే కనిపించింది. వాడి ఇల్లు లేదు కదా మరి.

పెద్దవాళ్ళ మాటలో చిన్న పొరపాటు పట్టుకుని రాద్ధాంతం చేస్తున్నానని అనుకోవచ్చు. కానీ ఈ వాక్యం ఊరికే నోటి చివర నుంచి జారే మాట కాదు, అది చాలా పని చేసిపెడుతుంది. ఏమీ లేదన్నాక, ఎవరి దగ్గర కొన్నామో చెప్పుకోనక్కర్లేదు. ఎంతకు కొన్నామో చెప్పుకోనక్కర్లేదు. ఏది పూడ్చి ఇల్లు కట్టామో అసలే చెప్పుకోనక్కర్లేదు. మొదటి గృహప్రవేశం నాడే సృష్టి మొదలైనట్టు లెక్క.

అసలు ఏముండేది? ముందు నేల సంగతి. నిజాం కాలంలో నగరం చుట్టూ ఉన్న పల్లెలన్నీ కలిపి ఒక జిల్లా, దాని పేరు అత్రాఫ్-ఎ-బల్దా. ఆ మాటకు నగర పరిసరాలని అర్థం. శివారుకు శివారని పేరు పెట్టి, పాలనా విభాగం చేసి, నిజాం సొంత ఖర్చుల కింద ఉండే సర్ఫెఖాస్ భూముల్లో కలుపుకున్నారు. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. పట్టేదారులెవరో, కౌలుదార్లెవరో తేల్చే కౌలు చట్టం 1950లో వచ్చింది. 1978లో ఇదంతా రంగారెడ్డి జిల్లా. 2016లో మా వైపు ముక్క మేడ్చల్-మల్కాజిగిరి. మేం ఇల్లు మారలేదు, జిల్లాలే మా మీదుగా మారిపోతున్నాయి. ఏమీ లేని నేలకు ఇన్ని పేర్లూ, ఇన్ని చట్టాలూ, ఇన్ని రికార్డులూ ఎందుకు కావలసి వచ్చాయో బాబాయ్ గారిని అడగాలని ఉంది.

తర్వాత ఊళ్ళ పేర్లు. నేరేడ్‌మెట్ అన్నప్పుడల్లా ఒక నేరేడు చెట్టు కనిపిస్తుంది నాకు. లోతుకుంటలో కుంట ఉంది, అదీ లోతైనదని పేరే చెబుతోంది. గచ్చిబౌలిలో బావి ఉంది. హబ్సిగూడ అన్న పేరులో నిజాం కొలువులోని హబ్షీ సైనికులు, అంటే ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు, ఉన్నారంటారు. గూడ, పల్లి, కుంట, బండ, గుట్ట, బౌలి: ఈ తోకలున్న పేర్లన్నీ నేలను చూసి పెట్టినవి. మేం వచ్చి పెట్టిన పేర్లలో నేల కనిపించదు. నగర్, పురి, పురం అంటూ దేవుళ్ళ పేర్లో నాయకుల పేర్లో తగిలించాం. మా తర్వాత వచ్చిన వాళ్ళు అదీ మానేసి ఎన్‌క్లేవ్, కౌంటీ, మెడోస్ అంటున్నారు. కౌంటీ అంటే ఏమిటో అందులో కాపురమున్న నా స్నేహితుణ్ణి అడిగితే, ఇంగ్లండులో ఉంటాయి కదా అన్నాడు. సరే.

మా కాలనీ మేడ మీద నిలబడితే మౌలాలి గుట్ట కనిపిస్తుంది. కుతుబ్‌షాహీల కాలం నుంచి అక్కడ దర్గా ఉంది. ఏటా రజబ్ నెలలో ఉర్సుకు నగరం నుంచి జనం తరలివచ్చేవారు. వాళ్ళ కోసం దారి, కమాను, బసలు, తోటలు వెలిశాయి. ఉర్దూ కవయిత్రి మహ్‌లఖా బాయి చందా 1824లో చనిపోయింది. ఆ గుట్ట పాదాన, తల్లి సమాధి పక్కనే ఆమె సమాధి ఉంది. ఉర్దూలో దివాన్, అంటే కవితల సంపుటి, వెలువడిన తొలి కవయిత్రిగా పేరున్న మనిషి మా ఇంటికి సైకిలు దూరంలో నిద్రపోతోందని నాకు నలభై ఏళ్ళు దాటాక తెలిసింది. మా బడిలో ఎవరూ చెప్పలేదు. బడి కూడా ఏమీ లేని చోటే కట్టారు మరి.

ఇక ఆ రాళ్ళూ తుప్పలూ. ఆ రాళ్ళు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు, తీసిపారేయడానికి అదేమన్నా చిన్న వయసా? పైగా రాళ్ళ మధ్య పల్లానికి చెరువు, చెరువు కింద పొలం, మెట్టన జొన్నా కందీ, ఎక్కడా పనికిరాదనుకున్న చోట పశువుల మేత. మాకు తుప్పలుగా కనిపించినది ఊరి పశువులు మేసే కంచె. రాళ్ళుగా కనిపించినది ఒడ్డెర వాళ్ళ బతుకుదెరువు. మా ఇళ్ళ పునాదుల్లోకి వెళ్ళిన బండలు కొట్టింది వాళ్ళే. ఆ గుడిసెలు నాకు బాగా గుర్తు, ఇప్పుడు అపార్టుమెంటు ఉన్న చోట ఉండేవి. సమ్మెట దెబ్బ ముందు కనిపించి, చప్పుడు తర్వాత వినిపించేది. కాంతికీ శబ్దానికీ వేగం తేడా ఉంటుందని బడికంటే ముందు వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. మా సంఘం గోడ మీద దాతల పేర్ల రాతిఫలకం ఉంది. ఆ రాయి కొట్టిన వాళ్ళ పేరు దాని మీద ఉండాలని నేననడం లేదు, మరీ అంత ఆదర్శవాదిని కాను. సంచికలోని రెండు పేజీల్లో ఒక వాక్యం ఉండొచ్చు కదా అంటున్నాను.

చరిత్ర రాయడానికి ఆధారాలెక్కడివి అని బాబాయ్ గారు అడిగారు. ప్రతి ఇంటి బీరువాలోనూ ఉన్నాయి. బ్యాంకు అప్పు కోసం తప్ప ఎవరూ తెరవని లింకు డాక్యుమెంట్లు. నేను మా ఇంటివి కొన్నేళ్ళ కిందటే తీశాను. నాన్న పేరున ఉన్న రిజిస్ట్రేషను కాగితంలో హద్దులిలా ఉన్నాయి: తూర్పున ఫలానా నంబరు ప్లాటు, పడమర ఫలానా నంబరు ప్లాటు, ఉత్తరం 30 అడుగుల రోడ్డు. ఆ కింద సొసైటీ కొన్న కాగితం. దాని కింద, పసుపుపచ్చగా మారి మడతల దగ్గర చిరిగిపోయిన పాత కాగితం నకలు. అందులో హద్దులు వేరు: తూర్పున చింతచెట్టు, దక్షిణాన బండ్ల బాట, పడమర ఇంకొకరి చేను, ఉత్తరాన వాగు. చివర్లో సంతకం ఉండాల్సిన చోట వేలిముద్ర.

ఈ రెండు కాగితాల మధ్య గడిచింది ఆరేడేళ్ళు. ఆ ఆరేడేళ్ళలో చింతచెట్టు నంబరైపోయింది, వాగు 30 అడుగుల రోడ్డైపోయింది. నేను చాలాసేపు ఆ రోడ్డు గురించే ఆలోచించాను. వర్షాకాలం వస్తే మా వీధి చివర నీళ్ళు నిలుస్తాయి. మున్సిపాలిటీని తిట్టుకుంటూ పెరిగాం. వాగు మంచం మీద పడుకుని, రాత్రి తడిసిందేమిటని అడుగుతున్నామని అప్పుడు తెలిసింది.

మేమెలా వచ్చామో కూడా చెప్పాలి, లేకపోతే నేను మా వాళ్ళకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. ట్రాంబేలో అణు పరిశోధన సంస్థలో ఎలక్ట్రానిక్స్ విభాగం నడిపిన అయ్యగారి సాంబశివరావు గారు, పశ్చిమ గోదావరి మోగల్లులో పుట్టిన మనిషి, 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌ను ఇక్కడ మొదలుపెట్టారు. 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వచ్చింది. నగరానికి అవతలి వైపు బాలానగర్‌లో మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్, రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ అప్పటికే ఉన్నాయి. వాటిలో పనికి గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి, పాలక్కాడ్ నుంచి, కలకత్తా నుంచి జనం దిగారు. క్వార్టర్లు కొందరికే దొరికాయి. మిగతా వాళ్ళు సొసైటీలు కట్టుకున్నారు. ఏ.ఎస్. రావు నగర్ పేరు ఆయనదే. సైనికులవి సైనిక్‌పురి, డిఫెన్స్ కాలనీ. ఒక రకంగా మా శివారంతా హాజరుపట్టీల్లోంచి పుట్టింది.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి చెప్పకపోతే కథ అర్థం కాదు. 1976లో పట్టణ భూపరిమితి చట్టం వచ్చింది. హైదరాబాద్ పరిధిలో ఖాళీ స్థలం 1,000 చదరపు మీటర్లకు మించి ఎవరి దగ్గరా ఉండకూడదు, మిగులు ప్రభుత్వానికి పోతుంది. పెద్దవాళ్ళ నుంచి తీసి పేదలకు ఇవ్వాలన్నది ఉద్దేశం. జరిగిందేమిటంటే, పోతుందన్న భయంతో భూములున్న వాళ్ళు ఆదరాబాదరాగా అమ్మకాలకు దిగారు. సొసైటీలు మినహాయింపుల కోసం తిరిగాయి. చాలా చోట్ల వ్యవహారం అగ్రిమెంటు కాగితాల మీదా, అమ్మే అధికారం వేరొకరికి రాసిచ్చే జీపీఏల మీదా నడిచింది. 1975లో నగరాభివృద్ధి సంస్థ హుడా పుట్టినా, దాని ముద్ర లేని గ్రామ పంచాయతీ లేఅవుట్లు పుట్టగొడుగుల్లా లేచాయి. సర్పంచి రబ్బరు స్టాంపే మాకు నగర ప్రణాళిక. మూసీ వరద 1908లో ఊరిని ముంచాక, 1912లో నగరాభివృద్ధి మండలి పెట్టి ఎక్కడ ఇళ్ళు కట్టాలో, ఎక్కడ వదిలేయాలో కూర్చుని ఆలోచించిన ఊరిదీ పరిస్థితి. చట్టం 2008లో రద్దయింది. అది మిగిల్చిన చిక్కుముళ్ళు మాత్రం రద్దు కాలేదు. క్రమబద్ధీకరణ పథకం ఒకటి ప్రకటించినప్పుడల్లా మా వీధుల్లో జిరాక్సు షాపులు కళకళలాడేవి.

అమ్మిన రైతులకు ఏం మిగిలిందో ఏ సంచికలోనూ ఉండదు. విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం కోసం ఊళ్ళు ఖాళీ చేసిన వాళ్ళకు కనీసం ఆర్ కార్డు అని, నిర్వాసితులని చెప్పే ఒక కాగితం ఉంది. దాన్ని పట్టుకుని దశాబ్దాలుగా ఉద్యోగం అడుగుతున్నారు, గొడవ చేస్తున్నారు. ఊరు పోయినా పోయిందని చెప్పే కాగితం మిగిలింది. మా వైపు అది కూడా లేదు. ఇక్కడ జరిగింది సేకరణ కాదు, అమ్మకం. అమ్మిన వాడు తన ఇష్టంతోనే అమ్మాడు కదా అంటారు. వేలిముద్ర వేసిన మనిషికి గజం అంటే ఎంతో, ఆ గజాలు పదేళ్ళలో ఏమవుతాయో తెలుసా అన్నది నా ప్రశ్న. ఎకరాల్లో అమ్మాడు, గజాల్లో కొన్నాం. మా కాలనీ చరిత్ర చెప్పమంటే నేను ఆ కొలత మారిన చోటి నుంచే మొదలుపెడతాను.

ఈ మాట విని బాబాయ్ గారికి నిజంగానే కష్టం కలిగింది. "అంటే మేం దొంగలమా?" అన్నారు. కాదు. ఆయన తరం పడిన పాట్లకు నేనే సాక్షిని. మేం వచ్చిన 1981లో కరెంటు స్తంభాలు ఉండేవి, తీగలు ఉండేవి కావు. మగవాళ్ళను ఫ్యాక్టరీ బస్సు వచ్చి తీసుకుపోయేది. మిగతా అందరికీ ఆర్టీసీ బస్సే దిక్కు. 3కె, 16ఎ, 24బి, 17హెచ్: మాకు ఎక్కాలకంటే ముందు వచ్చిన అంకెలివి. రాత్రి ఆఖరి బస్సు తప్పిపోతే రాధిక చౌరస్తా నుంచి నడక, చేతిలో ఒక కర్ర. నక్కల కథ అక్కడి నుంచే వచ్చింది, అందులో అబద్ధం లేదు.

అసలు పాట్లన్నీ నీళ్ళవి. పంచాయతీ బోరింగు ఒకటే, దాని హ్యాండిలు కొట్టడానికి పిల్లలం వంతులు వేసుకునేవాళ్ళం. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు. దాని హారను వినబడగానే పొయ్యి మీద పాలు పొయ్యి మీదే వదిలేసి ఆడవాళ్ళు బిందెలతో పరుగెత్తేవారు. అమ్మ మోచేతికి ఇప్పటికీ ఒక మచ్చ ఉంది, ట్యాంకరు పైపు దగ్గర తోపులాటలో తగిలింది. మంజీరా గొట్టం మా దాకా రావాలని ధర్నా చేసింది ఎవరో తెలుసా? వీధికి ఇద్దరు చొప్పున ఆడవాళ్ళు. ఖాళీ బిందెలు వరుసగా పేర్చి మెయిన్ రోడ్డు ఆపేశారు. నేను ఐదో తరగతి, బిందెల వెనక దాక్కుని చూశాను. సంఘం మినిట్స్ పుస్తకంలో ఆ వారం ఏముందో వెతికాను. "నీటి సమస్యపై అధికారులకు వినతిపత్రం సమర్పించడమైనది" అని ఉంది. కింద ఏడుగురి సంతకాలు, ఏడుగురూ మగవాళ్ళే. రోడ్డు ఆపిన వాళ్ళు లేరు, బిందెలు లేవు.

ఏమీ లేదన్న వాక్యం ముందు ఊరివాళ్ళను మింగింది, తర్వాత మన ఇళ్ళలో ఆడవాళ్ళను మింగింది. చివరికి ఫొటోలో మిగిలేది శిలాఫలకం పక్కన దండలేసుకున్న నలుగురు అధ్యక్షులు.

నాకు ఈ పట్టుదల ఎందుకు వచ్చిందో చెప్పాలి. 2020 అక్టోబర్ 13 రాత్రి. ఘట్‌కేసర్ చుట్టుపక్కల ఆ ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. మా వీధిలో నడుముల్లోతు నీళ్ళు. 2000 ఆగస్టులో 24 సెంటీమీటర్లు పడి ఊరు మునిగినప్పుడు కూడా మా వీధిలో ఇంత రాలేదు, ఎందుకంటే అప్పటికి మా ఎగువన కొన్ని ఖాళీలు మిగిలి ఉన్నాయి. తెల్లవారి చూస్తే మా ఇంటి ముందు నుంచి నీళ్ళు తూర్పు నుంచి పడమరకు వంపు తిరిగి, రెండు ప్రహరీ గోడలు కూల్చి, పార్కులోంచి పోతున్నాయి. రోడ్డు వెంట పోవడం లేదు. రోడ్డు గీత కంటే పాతదైన వంపు ఒకటి ఉంది, దాన్ని పట్టుకుని పోతున్నాయి. తర్వాత నేను పాత కాగితం తీసి, ఉత్తరాన వాగు అన్న మాట చదివింది ఆ నెలలోనే.

ఇక్కడి చెరువులు విడివిడి గుంటలు కావు. ఒకటి నిండితే అలుగు పారి కాలువ వెంట కింది చెరువులోకి పోయే గొలుసుకట్టు. ప్రతి ఊళ్ళోనూ తూము ఎప్పుడెత్తాలో, ఎవరి మడికి ఎంత వదలాలో చూసే నీరటి ఉండేవాడు. గొలుసులో ఒక్క కొక్కెం తెగినా మొత్తం పోతుంది. చెరువు శిఖంలో, అంటే నీళ్ళు నిలిచే నేలలో, లేఅవుట్ వేసిన వాడు, కాలువ మీద గోడ కట్టిన వాడు, దానికి ఇంటి నంబరు ఇచ్చిన అధికారి, అప్పిచ్చిన బ్యాంకు, పన్ను కట్టించుకున్న పురపాలకం, అందరికీ అక్కడేమీ లేదు. 2007లో 12 మున్సిపాలిటీలను కలిపేసి మమ్మల్నందరినీ గ్రేటర్ హైదరాబాద్ అన్నారు. పన్ను రసీదు రంగు మారింది, కాలువ మాత్రం తిరిగి రాలేదు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చి బుల్డోజర్లు నడిపినప్పుడు, కూలిన ఇళ్ళ ముందు కూర్చుని ఏడ్చినవాళ్ళంతా మోసగాళ్ళేమీ కాదు. చాలామంది మా నాన్నలాంటి వాళ్ళు. స్టాంపు ఉన్న కాగితం చూసి, జీవితకాలపు జీతం పెట్టి కొన్నవాళ్ళు. వాళ్ళకు అమ్మినవాడు చెప్పిన మాట కూడా ఒకటే అయివుంటుంది: ఇక్కడ ఏమీ లేదండీ, ఖాళీ జాగా.

అందుకే కాలనీ చరిత్ర అంటే నాకు జ్ఞాపకాల కాలక్షేపం కాదు. ఎక్కడ నీళ్ళుండేవో, ఎక్కడ దారి ఉండేదో, ఎవరి పొలమో కనీసం మనకు తెలియాలి. ప్రభుత్వ పటాల్లో ఉంటే చాలదు. వీధిలో ఉన్నవాళ్ళకు నోటికి రావాలి, రాహుకాలం ఎన్ని గంటలకో నోటికి వచ్చినట్టు.

మా వీధికి ఒక అవ్వ ఆకుకూరలు తెస్తుంది. నా చిన్నప్పటి నుంచీ తెస్తోంది. ఆమె గంగవాయిలి కూర అంటుంది, అమ్మ పావిలి కూర అంటుంది. నలభై ఏళ్ళయినా ఇద్దరూ ఎవరి మాట వాళ్ళదే. గంపలో కట్ట మాత్రం ఒకటే. సంచిక పని మీద నేను మొదటిసారి ఆమెను కూర్చోబెట్టి ఇంతకుముందు ఇక్కడేముండేదని అడిగాను. ఇన్నేళ్ళూ అడగనందుకు సిగ్గుపడ్డాను కూడా. ఆమె నన్ను పార్కులోకి తీసుకెళ్ళింది. ఈశాన్యపు మూల పిల్లల ఊగుడుబల్ల ఉంటుంది. అక్కడ నిలబడి, ఇది మా మోట బావి అంది. తాను కాపురానికి వచ్చిన కొత్తలో రెండు జతల ఎడ్లతో మోట కొట్టేవారట. ఎడ్లు దిగే బాట ఇప్పటి యోగా షెడ్డు దాకా ఉండేది. లేఅవుట్ వేసినప్పుడు గుట్ట పేల్చిన రాళ్ళన్నీ తెచ్చి అందులో పోశారు. పోసిన రోజు తన మామ అన్నం తినలేదని చెప్పింది. అంతకంటే ఏమీ చెప్పలేదు. గంప ఎత్తమంది, ఎత్తాను.

అప్పుడు నాకు ఒక పాత సంగతి వెలిగింది. 1983లో సొసైటీ వాళ్ళు బోరు వేయడానికి నీళ్ళు చూసేవాణ్ణి పిలిపించారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని కాలనీ అంతా తిరిగి, పార్కు ఈశాన్యపు మూల ఆగాడు. కాయ నిలబడింది. బోరు పడింది. ఆ మనిషికి శాలువా కప్పి, పంచెల చాపు పెట్టి పంపారు. అతని మహిమ గురించి మా కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకుని ఆ పక్క నుంచే రోజూ పోతున్న మనిషిని అడిగితే శాలువా ఖర్చు కలిసొచ్చేది.

నేను రెండు పేజీలూ రాసి ఇచ్చాను. బాబాయ్ గారు రెండుసార్లు చదివారు. బిందెల ధర్నా చోట కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, వాళ్ళ ఆవిడ ఆ రోజు ముందు వరుసలో ఉంది. వేలిముద్ర సంగతి ఉంచుదామన్నారు. తన మొదటి వాక్యాన్ని అధ్యక్షుల వారి సందేశంలోకి మార్చుకున్నారు, అది ఆయన హక్కు. బావి దగ్గరికి వచ్చేసరికి కార్యవర్గంలో గొడవయింది. పార్కు పక్కన ప్లాటు ఉన్న సభ్యుడొకరు, బావి పూడ్చారని అచ్చయితే రేపు ఎవరు కొంటారండీ, ఈశాన్యంలో బావి పూడిస్తే వాస్తు ఏమవుతుందో తెలుసా అని లేచారు. ఓట్లు పెట్టారు. బావి ఓడిపోయింది. ఆ పేరా లేకుండానే సంచిక వచ్చింది, ఆర్టు పేపరు మీద, రంగుల్లో.

పార్కులో ఆ మూల మాత్రం ప్రతి వానాకాలం జానెడు కుంగుతుంది. ఊగుడుబల్ల ఒక వైపుకు ఒరిగి, పిల్లలు ఎటు కూర్చున్నా ఈశాన్యం వైపే కిందికి దిగుతుంది. మొన్న జూలైలో కూడా రెండు ట్రాక్టర్ల మొరం తెప్పించి పోయించారు. ఖర్చు మినిట్స్ పుస్తకంలో రాశారు, పోయిన ఏడాది రాసినట్టే: పార్కు మరమ్మతులు.